పొద్దుగూకితే మొరాయించే కాటా

మాక్లూర్ తొవ్వల చెరకు కాటాకు చెడ్డ పేరుండె. పోయిన సీజన్‌ల కాటా కింది గుంతల బురద తీస్తుంటే ఇనుప పలక జారి హమాలీ రాజమల్లు మీద పడ్డది. గక్కడనే పాణం పోయింది. గప్పటి సంది… చీకటి పడితే కాటా గదిల కంప్యూటర్ బిగుసుకపోతదని చెప్పుకునేటోళ్లు.

పగలు ఏ గొడవ లేదు. పగలు తూకమెక్కించేది ఆఫీసుల కొత్త కంప్యూటర్ మీద. ఆఫీసుకు తాళం పడ్డంక అదే ప్రోగ్రాం కాటా గదిల పాత కంప్యూటర్ డబ్బ మీద నడిపేటోళ్లు. మొదటి బండి తూకం కొట్టంగనే తెర ఆగిపోయేది. ఇగ తెల్లారేదాక బండ్లు రోడ్డు మీదనే, చెరకు ఎండుడే.

ఆ ప్రోగ్రాం రాసింది చెన్నకేశవరావు. కోస్తా నుంచి వచ్చి బోధన్ కాడ పొలాలు కొన్న ఇంటి మనిషి, నిజామాబాద్‌ల కంప్యూటర్ షాపు. తొంభై మూడుల షాపుల కొత్త మిషన్ కొన్నంక ఈ ఊరోళ్లు ఆయన కంటికి అసలే ఆనలేదు.

"ఏమయ్యా మోషే, దెయ్యానికి నా ప్రోగ్రాం రాసిన సీ భాష వచ్చంటావా?" ఆ రాత్రి కాటా గదిల కూసుంట చెన్నకేశవరావు అడిగిండు.

కాటా గుమస్తా మోషే గొంతు తగ్గించిండు. "నవ్వకుండ్రి సార్. నేను ప్రార్థన గూడ జేసిన…"

"దేవుడికి వేరే పని లేదనుకున్నావా? జరుగు."

చెన్నకేశవరావే బండి తూకం కొట్టిండు. పాయింటు తర్వాత రెండంకెలు. తెర ఆగింది.

అప్పుడు… నేల కింద నుంచి, సన్నగ —

"తిన్నవా…?"

మోషే గడప దాటిండు.

చెన్నకేశవరావు నేల దిక్కు చూసిండు. "ఎలక," అనుకున్నడు. ఎలక మాట్లాడదని తెలిసే అనుకున్నడు.

కంప్యూటర్ మూత విప్పి చూసిండు. షాపు మిషన్‌ల దశాంశాల లెక్కకు వేరే చిప్ ఉంది; ఆఫీసు దాంట్ల ఉంది. ఈ డబ్బల ఆ చోటు ఖాళీ! లేని చిప్‌ను పిలిచి ప్రోగ్రాం ఎదురుచూస్తుంది. చిప్ లేకుంటే ఆ లెక్క ప్రోగ్రామే చేసుకోవాలె, దానికి ప్రోగ్రాంను మిషన్ భాషలకు మార్చే కంపైలర్‌ల ఎమ్యులేషన్ అని ఆప్షన్ ఉంటది. అది పెట్టి, ఫ్లాపీల నుంచి మళ్లీ తయారు చేసి, తూకం కొట్టిండు.

తెర ఆగింది.

"…సల్లారిపోతది. తిను."

తనను తానే తిట్టుకుంట ఒక్కొక్క లైను చదివిండు. కంపైలర్‌కు చెప్పిండు గని ముక్కలను కలిపి ప్రోగ్రాం జేసే లింకర్‌కు చెప్పలే. అది ఇంకా చిప్‌ను పిలిచే లెక్కల కట్టనే, అంటే చిప్ లైబ్రరీనే అతికిస్తుంది. దాన్ని తీసి ఎమ్యులేషన్ లైబ్రరీ పెట్టిండు.

తూకం పడ్డది. ప్రింటర్ కర్రుమన్నది.

టార్చి పట్టుకొని గది వెనక్కి పోయిండు. గుంత మెట్ల మీద ఒక ముసలామె, ముంగట టిఫిన్ డబ్బ. రాజమల్లు పెండ్లాం ఎల్లవ్వ.

"నువ్వా!" పగలబడి నవ్విండు. "దెయ్యం లేదు, గియ్యం లేదమ్మా. ఒక లైబ్రరీ తప్పు పెట్టారు, అంతే." పెట్టిందెవరో చెప్పలే.

ఎల్లవ్వ ఆయన దిక్కు సూసింది.

"బండ్లు ఆగినప్పుడల్లా ఆయనొచ్చిండనుకుంటి బిడ్డా. గా డబ్బ బాగైందా?"

"అయింది. ఇక ఆగదు."

"మరి… ఇగ ఆయన రాడా?"

పైన రెండో బండి కాటా ఎక్కింది. ఎక్కడా ఆగకుంట తూకమై పోయింది.