గ్లవ్స్ లేని చెయ్యి

“మీ ఆవిడ ఎలా ఉందయ్యా, తాళం?”

బాస్ ఎప్పుడూ కుశల ప్రశ్నలతో బ్రీఫింగ్ మొదలుపెట్టడు. తాళానికి అక్కడే అనుమానం వచ్చింది. ఎవరెంత కొట్టినా నోరు తెరవడని గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతనికి పెట్టిన పేరు అది.

బాస్ బల్ల మీదకి ఒక ఫొటో తోశాడు. హోటల్ లాబీ, నల్ల కళ్లద్దాలు, ఎర్ర స్కార్ఫ్, సినిమా తారలా కాలు మీద కాలు వేసుకున్న ఆడమనిషి. ఎదుట కూర్చున్నవాడు విదేశీ ముఠా ఏజెంటు, కోడ్‌నేమ్ పావురం. ఆ స్కార్ఫ్ తాళమే కొనిచ్చాడు.

“పగలు మన కోటింగ్ ప్లాంట్‌కి ఇన్‌ఛార్జ్. సాయంత్రం వాళ్ల మనిషి” అన్నాడు బాస్. “రేపు మధ్యాహ్నం ఫెర్రీలో కొత్త పంచ్ వాడి చేతికిస్తుంది. అది ఒడ్డు దాటకూడదు. ఆగకపోతే కాల్చు.”

పంచ్ అంటే రేకులో బిళ్లలు కొట్టే ఉక్కు ముక్క. దాన్ని వాక్యూమ్ ఫర్నేస్‌లో కాల్చి, చల్లార్చి, మళ్లీ సన్నని వేడి మీద ఉంచి గట్టిపరుస్తారు. ఆ పైన కంటికి ఆనని పొర ఒకటి పట్టిస్తారు. ఈ కొత్త పొరతో రాపిడి ఎంత తగ్గిందంటే, ప్రెస్సు లాగే కరెంటు చూసి మీటర్ చెడిపోయిందనుకున్నారు. ఫ్యాక్టరీలన్నీ దీన్ని వాడితే ఒక పవర్ స్టేషన్‌కి తాళం వేసుకోవచ్చు.

కొన్నేళ్ల కిందట మన తాళం సెక్యూరిటీ ఆఫీసర్ వేషంలో ఆ ప్లాంట్‌లో చేరిన రోజే, కడిగి ట్రేలో పెట్టిన పంచ్‌ని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏమండీ సెక్యూరిటీ గారూ! ఒట్టి చేత్తో ముట్టుకుంటారా? మీ వేలి జిడ్డు మీద కోటింగ్ పట్టదు. నాలుగు దెబ్బలకే పెచ్చులూడుతుంది. మీ ఇంట్లో ఆడవాళ్లు మీకేం నేర్పలేదా?”

“ఇంట్లో ఆడవాళ్లెవరూ లేరండీ.”

“అనుకున్నాను” అంది ఇన్‌ఛార్జ్ మేడమ్. ఆ లోటు తర్వాత తనే తీర్చింది.

తానెవరో భార్యకి తెలియదని అతని నమ్మకం. అలా నమ్మే మొగుళ్లు అన్ని ఉద్యోగాల్లోనూ ఉంటారు.

మర్నాడు ఫెర్రీ గేటు దగ్గర తాళం టికెట్ కలెక్టర్. పొట్టకి దిండు, పెట్టుడు మీసం, చొక్కా గుండీలో మైక్రోఫోన్, టికెట్లు కత్తిరించే యంత్రంలో పిస్టల్. పావురం ముందే ఎక్కి రెయిలింగ్ దగ్గర నిలబడ్డాడు. ఆమె చిన్న రేకు పెట్టెతో గబగబా వచ్చింది.

“టికెట్ మేడమ్.”

ఆమె అతన్ని ఒక్క క్షణం చూసింది. “మీసం వంకరగా ఉంది” అంది మెల్లగా. “ఇంటికెళ్లండి. దయచేసి.”

“పెట్టె ఇటివ్వు.”

“తీసుకోండి. కానీ ముందు తెరిచి చూడండి. ఒక్కసారి చూస్తే చాలు, మీకే తెలుస్తుంది. చూసి నాకిచ్చేయండి.”

అనుమానితులు ఇచ్చిన పెట్టె ఎప్పుడూ తెరవకూడదు. లోపల గ్యాస్ ఉండొచ్చు, బాంబు ఉండొచ్చు. ట్రైనింగ్‌లో మొదటి పాఠం. తాళం ఎప్పుడూ మంచి విద్యార్థే.

“తెరవను” అన్నాడు. “నన్ను కూడా అమ్మేశావా?”

ఆమె ముఖం పాలిపోయింది. “అంతే తెలిసిందా నా గురించి?”

హారన్ మోగింది. ఎక్కే చెక్క పైకి లేవబోతోంది. తాళం పెట్టె లాక్కున్నాడు. అది చూసి పావురం కోటులోంచి గన్ తీశాడు. తాళానికి అది కనిపించలేదు, ఆమెకి కనిపించింది. అతన్ని పక్కకి తోసి ఆ చోట తను నిలబడింది.

రెండో గుండు తాళానిది. పావురం భుజం పట్టుకుని కూలబడ్డాడు. ఫెర్రీ ఆగింది. పంచ్ ఒడ్డునే ఉంది.

“పెట్టె తెరవమన్నానుగా...” అంది ఆమె అతని ఒళ్లో. ఎప్పుడూ విసుక్కునే గొంతే. మళ్లీ విసుక్కోలేదు.

అప్పుడు తెరిచాడు.

నిగనిగలాడే ఊదారంగు కోటింగ్. సరిగ్గా అంచు మీద, పని చేయాల్సిన చోట, ఒక మసక మచ్చ. సన్నని గీతలతో బొటనవేలి ముద్ర. అప్పుడే పెచ్చు లేస్తోంది.

ఆ వేలు ఎవరిదో అతనికి లాబ్ చెప్పక్కర్లేదు. పెళ్లినాటి ఉంగరమైనా తీసి పక్కన పెట్టి గ్లవ్స్ తొడుక్కునే మనిషి, ఈ పంచ్‌ని మాత్రం కావాలనే ఒట్టి చేత్తో పట్టుకుని కోటింగ్ చాంబర్‌లో పెట్టింది.

మిగతాది ఆస్పత్రి మంచం మీద పావురం కక్కేశాడు. “వాళ్లాయన ఫొటో చూపించాం. పంచ్ ఇవ్వకపోతే మనిషి మిగలడన్నాం. ఏడవలేదు, బతిమాలలేదు. సరేనంది.”

సరేనని చెడిపోయిన సరుకు చేసింది. అది వాళ్ల ప్రెస్సులో నాలుగు దెబ్బలకే ఊడిపోయేది. ఈ కోటింగంతా బూటకమని ముఠా తిట్టుకుంటూ వదిలేసేది. మొగుడు బతికేవాడు, రహస్యం దక్కేది. గేటు దగ్గర టికెట్ కలెక్టర్ ఒక్కడు లేకుంటే.

“మిషన్ సక్సెస్” అన్నాడు బాస్, మెడల్ పెట్టె ముందుకి జరుపుతూ.

తాళం దాన్ని కూడా తెరవలేదు.

పంచ్ ఇప్పుడు అతని ఇంట్లో, భోజనాల బల్ల మీద ఆమె కూర్చునే వైపు ఉంటుంది. అప్పుడప్పుడు ఆ ముద్ర మీద వేలు ఆనించాలనిపిస్తుంది. చెయ్యి చాపి, ఆగి, లేచి వెళ్లి గ్లవ్స్ తొడుక్కుని వస్తాడు. తిట్టే మనిషి లేకపోయినంత మాత్రాన తిట్లు తినే పని చెయ్యలేడు కదా.