పదకొండోవాడు

ఆదివారం పొద్దున్నే అమ్మ వంటింట్లో గరిటెను మైకులా పట్టుకుని నిలబడింది. ఎదురుగా కుర్చీలో కూతురు, కుదురుగా కూర్చోలేక, టీ కప్పును రెండు చేతులతో అటూ ఇటూ తిప్పుతోంది. అమ్మ గొంతు సవరించుకుని, శ్రోతలకు నమస్కారం చెప్పి, మొదటి ప్రశ్న వేసింది. కూతురు నోరు తెరిచింది. మాట రాలేదు. ఈలోగా పొయ్యి మీద పాలు పొంగాయి.

"గరిటెను చూస్తేనే ఇలా బిగుసుకుపోతున్నావు, సాయంత్రం అసలు మైకు ముందు ఏం చేస్తావే చిట్టీ?" అంది అమ్మ, పొయ్యి తుడుస్తూ.

ఇంట్లో అందరూ చిట్టి అనే పిలిచే ఆ అమ్మాయి కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. పని అయ్యాక ఊరి ఫుట్‌బాల్ జట్టు మీద బ్లాగు రాస్తుంది. మైదానం అంచున గట్టు మీద కూర్చుని ఆట చూస్తుంది కాబట్టి అక్కడ ఆమె పేరు 'గట్టు మీది పిల్ల'. నలుగురిలో నోట్లో నాలుక లేని మనిషి, రాతలో మాత్రం కోచ్‌ని కూడా వదిలిపెట్టదు. ఆ రాతలు చూసి రేడియో వాళ్లు ఆటల కార్యక్రమానికి రమ్మన్నారు. ప్రత్యక్ష ప్రసారం. ఒప్పుకున్న రోజు ఎగిరి గంతేసింది. మర్నాడు వ్యాఖ్యాత ఫోన్ చేసి ఏం అడగబోతున్నాడో చెప్పాడు. అప్పటి నుంచి గుండెల్లో రైళ్లు పరిగెడుతున్నాయి.

అడగబోయేది గోల్‌కీపర్ గురించి, ఊళ్లో అందరూ గోలీ అంటారు. జట్టు వరసగా మూడు ఆటలు ఓడింది. మూడుసార్లూ ఎడమవైపు నుంచి వచ్చిన బంతికే గోల్ పడింది. గోలీని మార్చాలా వద్దా అని ఊరంతా చర్చ, కోచ్ కూడా ఈ వారంలోనే తేలుస్తానన్నాడు. ఆ గోలీ పక్క గదిలో ముసుగుతన్ని పడుకుని ఉన్నాడు. చిట్టికి సొంత అన్నయ్య. పాపం వ్యాఖ్యాతకు ఆ సంగతి తెలియదు.

బ్లాగు మొదలుపెట్టిననాడే చిట్టి ఒక ఒట్టు పెట్టుకుంది. అన్నయ్య గురించి మంచీ రాయదు, చెడూ రాయదు. పొగిడితే అన్న కాబట్టి అంటారు, తిడితే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని ఆ ఒక్కడినీ పక్కన పెట్టేసింది. దానికి న్యాయం అని పేరు పెట్టుకుంది కూడా.

నిజానికి ఆమెకు ఆట నేర్పింది అన్నయ్యే. చిన్నప్పటి నుంచి ప్రతి ఆట అయ్యాక ఇద్దరూ భోజనాల బల్ల మీద సీసా మూతలు పరిచి, జరిగిన ఆటను మళ్లీ ఆడేవారు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, బంతి ఎటు పోయింది, ఎవరు ఆలస్యం చేశారు. గోలీగా ఎప్పుడూ ఉప్పు డబ్బాయే. కూరలో ఉప్పు లేదు, గోల్‌లో ఉంది అని అమ్మ నెత్తి కొట్టుకునేది. ఈమధ్య అన్నయ్య ఆ మూతల ఆటకు రావడం మానేశాడు. ఎందుకో చిట్టికి అంతుబట్టలేదు. అడిగితే ఒళ్లు నొప్పులన్నాడు.

సాయంత్రం ఏం చెప్పాలో ఇంట్లో తలా ఒక మాట. వాడిని ఒక్క మాటన్నా ఊరుకోనని అమ్మ. బస్సు డ్రైవరు నాన్నది ఇంకో దారి. "నా బస్సుకి బ్రేకు పట్టడం లేదనుకో. నాన్న బస్సు కదా అని జనాన్ని ఎక్కనిస్తావా? ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నాడాయన. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. 

దీనికి తోడు, ఎవరితోనూ అనని అనుమానం ఒకటి ఆమెను తినేస్తోంది. బంతి ఎడమ నుంచి వచ్చిన ప్రతిసారీ అన్నయ్య తల కుడివైపు ఉంటోంది. రోజూ కళ్లు పరీక్షించే చోట పనిచేసే పిల్లకు ఇంకేం తోస్తుంది? ఎడమ కన్ను దెబ్బతింది. ఆ సంగతి దాస్తున్నాడు. రేడియోలో చెబితే అన్నయ్య ఆట అంతటితో సరి. చెప్పకపోతే తనను నమ్మి చదివేవాళ్లకు అబద్ధం చెప్పినట్టే.

వారం నుంచి రహస్యంగా పరీక్షలు నడుస్తున్నాయి. మంచినీళ్ల గ్లాసు చడీచప్పుడు లేకుండా ఎడమవైపుకు జరిపి చూసింది. అన్నయ్య అటు చూడకుండానే అందుకున్నాడు. వెనకగా వచ్చి ఎడమ చెవి పక్కన వేళ్లు ఆడించింది. దోమలు ఎక్కువయ్యాయన్నాడు. చివరికి ఎడమవైపు నుంచి నారింజపండు విసిరితే, పేపరు మీంచి తల తిప్పకుండా ఒంటిచేత్తో పట్టి, ఒలుచుకుని తినేశాడు. కన్ను పోయిందో బాగుందో ఆమెకు అర్థంకాలేదు.

ఆ పొద్దున అన్నయ్య లేచి వచ్చి బల్ల దగ్గర కూర్చోగానే చిట్టి ఇక ఆగలేకపోయింది. దుకాణం నుంచి తెచ్చిన, కంటి పరీక్షకు వాడే కళ్లజోడును తలుపు పక్కన తగిలించిన తన సంచిలోంచి తీసి అతని ముందు పెట్టింది. ఒక్కసారి పెట్టుకో, ఎడమ కన్ను చూస్తానంది.

అన్నయ్య కళ్లజోడు వంక చూశాడు, చెల్లెలి వంక చూశాడు. నారింజపండు సంగతి అప్పుడు అర్థమైంది అతనికి.

"నాకు కన్ను కనపడదని రేడియోలో చెబుదామనా?"

"చెబుదామని కాదు అన్నయ్యా. బంతి ఎడమ నుంచి వస్తుంటే నువ్వు కుడివైపు చూస్తున్నావు. మూడుసార్లూ చూశాను."

"గోల్స్ ఎప్పుడు పడ్డాయి? మొదటి సగంలో పడ్డాయా, రెండో సగంలోనా?"

చిట్టి ఆలోచించింది. మూడూ రెండో సగంలోనే. జట్లు వైపులు మారాక. అంటే చిట్టి కూర్చునే గట్టు పక్క గోల్‌లోకి అన్నయ్య వచ్చాక.

"కంటి జబ్బు సగం ఆట తర్వాత మొదలవుతుందా చిట్టీ? నాకు కుడివైపు ఎవరు కూర్చుంటారు? నువ్వు. తల వంచి రాస్తున్నావా, నన్ను చూస్తున్నావా అని చూస్తాను. చూడకూడదనుకుంటూనే చూస్తాను. ఈలోగా బంతి వచ్చేస్తుంది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నాన్న పేపరు మడిచాడు.

"నీ గురించి నేనెప్పుడూ రాయను కదా" అంది చిట్టి, అయోమయంగా.

"అదే. పదకొండు మంది ఆడతాం. నువ్వు పదిమంది గురించి రాస్తావు. ఒక్క అక్షరం వదలకుండా చదువుతాను, ఎక్కడైనా నేనున్నానేమోనని. ఆమధ్య వానలో పెనాల్టీ ఆపాను. భుజం వాచిపోయింది, నువ్వే మంచుగడ్డ పెట్టావు. మర్నాడు ఏం రాశావు? 'బంతి లోపలికి వెళ్లలేదు' అని. ఏం, బంతి తనంతట తనే మనసు మార్చుకుందా?"

చిట్టి కళ్లజోడును పక్కకు జరిపింది. 

"తిడితే బాధపడతావని..."

"తిట్టు. నేనూ ఉప్పూ కారం తినే మనిషినే, కోపం వస్తుంది, సాయంత్రానికి పోతుంది. అసలు లేనట్టే రాస్తే ఏం చేసుకోను?" అన్నాడు.  తినకుండానే లేచి, బూట్ల సంచి భుజాన వేసుకుని మైదానానికి వెళ్లిపోయాడు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి తానే కుడితిలో పడ్డట్టయింది చిట్టి పని. కోచ్ తప్పులు, ఎదుటి జట్టు ఎత్తులు అన్నీ కనపడిన కళ్లకు, రోజూ ఎదురుగా కూర్చుని తినే మనిషి కనపడలేదు. మంచి చెడ్డలు రెండూ మానేస్తే న్యాయమనుకుంది. అది ఎంత పెద్ద శిక్షో తెలియలేదు. మధ్యాహ్నం అన్నం సహించలేదు. పైగా అమ్మ ఉప్పు డబ్బా కనపడటం లేదని ఇల్లంతా వెతుకుతోంది.

రేడియో స్టేషన్లో గది చిన్నది. గోడల నిండా స్పాంజి, మధ్యలో బల్ల, బల్ల మీద రెండు మైకులు. తలుపు వేయగానే తన ఊపిరి తనకే వినపడింది. ఎర్ర దీపం వెలిగింది. వ్యాఖ్యాత నవ్వు మొహంతో గట్టు మీది పిల్లను శ్రోతలకు పరిచయం చేసి, మొదట్లోనే అడిగేశాడు. మూడు ఓటములకూ గోలీయే కారణమా? అతన్ని మార్చాలా?

చిట్టి మైకు వైపు జరిగింది. చెప్పాల్సింది మనసులో ఉంది, నోటిదాకా రావడం లేదు. అమ్మా, నాన్నా, కోచ్, ఊరూ అందరూ వింటున్నారు. అన్నయ్య వింటున్నాడో లేదో. ఎవరో తనను కొలుస్తున్నారనుకుంటే ఒళ్లు ఎలా కొయ్యబారుతుందో ఆ క్షణాన తెలిసింది ఆమెకు. గోల్ ముందు అన్నయ్యకూ ఇంతే కదా అనుకుంది. వ్యాఖ్యాత ప్రశ్నను ఇంకో రకంగా అడిగాడు. చెమట తుడుచుకుందామని రుమాలు కోసం సంచిలో చెయ్యి పెట్టింది. చేతికి గట్టిగా ఏదో తగిలింది.

ఉప్పు డబ్బా.

మూత మీద చిన్నప్పుడు అన్నయ్య మేకుతో గీసిన, గోలీల చొక్కా మీద ఉండే ఒకటి అంకె ఇంకా ఉంది. కోపంగా వెళ్తూ వెళ్తూనే తలుపు పక్కన తగిలించిన సంచిలో వేసి ఉంటాడు. చిట్టి దాన్ని తీసి రెండు మైకుల మధ్య నిలబెట్టింది. వ్యాఖ్యాత వింతగా చూసి, ఇదేమిటండీ అన్నాడు.

"మా గోలీ" అంది చిట్టి. ఆ మాట ఎలా వచ్చిందో వచ్చింది. దాని వెనకే మిగతావీ వచ్చాయి. "ఆయన నాకు అన్నయ్య. ఇన్నాళ్లూ మీకు చెప్పలేదు. ఆ మూడు గోల్సూ ఆయన తప్పే. చూపు బంతి మీద లేదు, గట్టు మీద ఉంది. గట్టు మీద నేనున్నాను. ఇంకో మాట. ఆ వానరోజు పెనాల్టీకి బంతి లోపలికి వెళ్లలేదని రాశాను. అది తప్పు. బంతి వెళ్తోంది. మా అన్నయ్య ఆపాడు. ఎడమ కాలు మీద బరువు వేసి, కుడివైపు దూకి, వేళ్ల చివర్లతో. అలా ఆపగలిగిన గోలీ మన ఊళ్లో ఇంకొకరు లేరు. ఇది చెల్లెలు చెప్పే మాట కాదు. ఆట చూసినదానిగా చెబుతున్నాను."

మరి గోలీని మార్చొద్దంటారా అన్నాడు వ్యాఖ్యాత. అది కోచ్ ఇష్టం, నేను మాత్రం వచ్చే ఆటకు చోటు మార్చుకుని కూర్చుంటానంది. ఆ తర్వాత కార్యక్రమం ఎలా గడిచిందో ఆమెకు గుర్తులేదు. మాట్లాడుతూనే ఉంది.

ఇంటికి వచ్చేసరికి భోజనాల బల్ల మీద సీసా మూతలు పరిచి ఉన్నాయి. గోల్ ఖాళీగా ఉంది. అన్నయ్య తల ఎత్తకుండా ఒక మూతను జరుపుతూ కూర్చున్నాడు. నాన్న రేడియో ఇంకా కట్టేయలేదు. అమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఉల్లిపాయలంది.

చిట్టి సంచిలోంచి డబ్బా తీసి గోల్‌లో పెట్టింది. నిలుచున్నచోటే, చెయ్యి దానిమీద ఉంచి, ఏడ్చేసింది.

"చోటు మార్చకు" అన్నాడు అన్నయ్య. "అక్కడే కూర్చో. నువ్వు రాస్తావని తెలిశాక ఇక చూడక్కర్లేదు నాకు."

కోచ్ ఏం తేలుస్తాడో ఇద్దరికీ తెలియదు. అన్నయ్య ఎడమవైపు మూత మీద వేలు పెట్టి, మొదటి గోల్ ఎలా పడిందో చెప్పమన్నాడు. చిట్టి కళ్లు తుడుచుకుని, ఏదీ దాచకుండా, ఎక్కడా తడబడకుండా చెప్పడం మొదలుపెట్టింది. అమ్మ మధ్యలో చెయ్యి పెట్టి గోలీ దగ్గర చిటికెడు ఉప్పు తీసుకుని, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టి వెళ్లింది.