మసకబారిన కాలిక్యులేటర్

ముంతాజ్ గుడ్డ మీద ఇంకొంచెం థిన్నర్ పోసుకుంది.

మధ్యాహ్నం ఎండకి షెడ్డు రేకులు టకటకమంటున్నాయి. నాయన మౌలాలీ షెడ్డు బయట ఒక రైతు తెచ్చిన ఆయిల్ ఇంజను విప్పుతున్నాడు. అన్న ఇక్బాల్ సైకిలు మీద సుభానీ వాచీల కొట్టుకి వెళ్ళాడు. ముంతాజ్ చేతిలో ఉన్నది కృపాదానం కాలిక్యులేటర్.

ఇక్బాల్‌కి ఇంజనీరింగ్ కాలేజీలో సీటు వచ్చింది. సోమవారం హాస్టల్‌కి వెళ్ళాలి. సైంటిఫిక్ కాలిక్యులేటర్ లేకుండా అక్కడ ఒక్క రోజు కూడా గడవదట. నకరికల్లు కృపాదానం ఆ చదువు అయిపోయినవాడు. తనది ఇచ్చి, నచ్చితే డబ్బిచ్చి ఉంచుకోమన్నాడు, నచ్చకపోతే సాయంత్రం బస్టాండులో తిరిగి ఇవ్వమన్నాడు.

పొద్దున్న నాయన దాన్ని ఇంజను చూసినట్టే చూశాడు. ప్రతి మీటా నొక్కించాడు. చానా గట్టిదన్నాడు. ఇక్బాల్ మాత్రం మూతి ముడిచాడు. మీటల సందుల్లో నాలుగేళ్ళ మురికి ఉంది. కొత్తదాన్ని కూడా చూసొస్తానని వెళ్ళాడు.

మురికే కదా, అనుకుంది ముంతాజ్. గ్రీజు పట్టిన ఇంజను మీద నాయన థిన్నర్ గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే కంపెనీ పేరు తళతళలాడటం ఆమె ఎన్నిసార్లు చూడలేదు! అన్న వచ్చేసరికి ఇది కూడా అట్లాగే మెరవాలి.

మురికి నిజంగానే పోయింది. దాంతోపాటు మీటల పైన ఉన్న చిన్న చిన్న అక్షరాలూ పోయాయి. అంకెలు కనపడే అద్దం గంజి పూసినట్టు తెల్లబడింది. ముంతాజ్ గౌను అంచుతో తుడిచింది. తుడిచేకొద్దీ ఇంకా మసకైంది. అది గాజు కాదు, ప్లాస్టిక్.

బయట సైకిలు బెల్లు వినపడింది. ముంతాజ్ కాలిక్యులేటర్‌ని దాని చిన్న సంచీలో దూర్చి గుండీ పెట్టేసింది.

ఇక్బాల్ ముఖం వెలిగిపోతోంది. కొత్తదాన్ని ఇంట్లో చూపించి రమ్మని సుభానీ సాయంత్రం దాకా ఇచ్చాడట. దీనికి బ్యాటరీయే అక్కర్లేదు, వెలుతురు చాలు. నాయన దాని మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. అంకెలు మాయమయ్యాయి.

"కరెంటు పోతే ఏందిరా దీని గతి?"

"కొవ్వొత్తి వెలుగు చాలు నాయనా."

"పాతదాన్ని కూడా తీసి పక్కన పెట్టు. రెండూ చూద్దాం."

ఇక్బాల్ సంచీ వైపు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. పొద్దున్న చూసిందే కదా, తనకి కొత్తదే కావాలన్నాడు. నాయన కాసేపు గొణిగి, చదివేవాడివి నువ్వేనని ఒప్పుకున్నాడు.

ముంతాజ్ ఊపిరి పీల్చుకుంది. అన్నకి కొత్తది వచ్చింది. పాతది వెళ్ళిపోతుంది. ఎవరికీ తెలియదు. నిజం దాచడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. కానీ ఆ నోటితోనే అన్నం తినాలి. అమ్మ చాంద్ బీ కలిపి పెట్టిన పప్పన్నం ఆ పూట ఆమెకి మింగుడు పడలేదు.

నాలుగింటికి ఇక్బాల్ సైకిలు తీశాడు. వెనక కూర్చుని సంచీ పట్టుకోమని ముంతాజ్‌నే ఎక్కించుకున్నాడు. కొత్తది అతని చొక్కా జేబులో ఉంది.

బస్టాండులో కృపాదానం శావల్యాపురం బస్సు పక్కన నిలబడి ఉన్నాడు. ఇక్బాల్‌కి నచ్చలేదంటే ఏమీ అనుకోలేదు. శావల్యాపురంలో బ్రహ్మయ్య గారి అబ్బాయి కూడా ఈ ఏడే ఇంజనీరింగ్‌లో చేరుతున్నాడట, అతనికి ఇస్తానన్నాడు.

"ఆ అబ్బాయిని ముందు చూసుకోరా అంటే, నువ్వు వాడింది నేను చూసేదేముంది అన్నాడు పిచ్చోడు" అని నవ్వుతూ సంచీని విప్పకుండానే బ్యాగులో పెట్టుకున్నాడు.

ముంతాజ్ ఆ బ్యాగు వంకే చూస్తోంది. రేపు ఆ అబ్బాయి సంచీ విప్పుతాడు. అప్పుడు ఎవరిని తిడతాడు? ఈ కృపాదానం అన్ననే.

పోనీ ఇప్పుడే చెప్తే? పాడైనది ఇక్బాల్ అన్న తీసుకోవాలి. జేబులో ఉన్నది తిరిగి ఇచ్చెయ్యాలి, రెండింటికీ డబ్బు లేదు.

డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. కృపాదానం ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టాడు. ముంతాజ్ వెళ్ళి అతని బ్యాగు పట్టుకుంది.

"అన్నా, తెరిచి చూడు."

"ఏందే, నా వస్తువు నేను చూసుకునేదేముంది?"

"థిన్నర్ పెట్టి తుడిచా. పాడైపోయింది. మా అన్నకి తెలియదు."

కృపాదానం బస్సు దిగి సంచీ విప్పాడు. నవ్వు ఆగిపోయింది. ఇక్బాల్ ఒకసారి కాలిక్యులేటర్‌ని, ఒకసారి చెల్లెల్ని చూశాడు. అతని చెయ్యి తెలియకుండానే చొక్కా జేబు మీదికి వెళ్ళింది. కండక్టరు విజిల్ వేశాడు.

"ఇటియ్యి అన్నా. ఇది మేమే ఉంచుకుంటాం" అన్నాడు ఇక్బాల్ చివరికి. "అనుకున్న డబ్బు నాయన పంపుతాడు."

శావల్యాపురం అబ్బాయికి ఉన్న సంగతే చెప్తానని కృపాదానం బస్సెక్కాడు.

తిరుగుదారిలో ఇక్బాల్ సైకిలు ఎక్కలేదు. నడిపించుకుంటూ ముందు నడిచాడు. సుభానీ కొట్టు దగ్గర ఆగి కొత్తదాన్ని తిరిగి ఇచ్చేశాడు. అన్న తిట్టినా బాగుండుననిపించింది ముంతాజ్‌కి.

ఇంట్లో నాయన పాడైనదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇనుముకీ దీనికీ ఒకటే మందా? నన్ను ఒక మాట అడిగితే నీ నోరు అరిగేదా?" అని లేచి వెళ్ళిపోయాడు.

ఇక్బాల్ దీపం దగ్గర కూర్చున్నాడు. కాలిక్యులేటర్‌ని ఏటవాలుగా పట్టుకుంటే అంకెలు లీలగా కనపడుతున్నాయి. ముప్పై కొట్టి ఒక మీట నొక్కాడు. సున్నా పాయింట్ ఐదు వచ్చింది.

"ఇది సైన్" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

ముంతాజ్ తెల్లకాగితం, కత్తెర, జిగురు తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. అతను మీట కనిపెట్టి పేరు చెప్పడం, ఆమె చీమ తలంత అక్షరాలు రాసి, కత్తిరించి, అంటించడం. అరవై కొట్టి ఇంకో మీట నొక్కితే మళ్ళీ అదే సున్నా పాయింట్ ఐదు. అది కాస్. నలభై ఐదుకి ఒకటి వస్తే టాన్. ఆ రెండు ముక్కలూ అంటించడం ఆమెకే వదిలి ఇక్బాల్ పెట్టె సర్దుకోవడానికి లేచాడు.

ముంతాజ్ రెండూ అంటించింది. తర్వాత మీటలు లెక్కపెట్టుకుని ఆగింది. ఇక్బాల్ అటు తిరిగి చొక్కాలు మడత పెడుతున్నాడు.

"అన్నా" అంది. "కాస్ దగ్గర టాన్ అంటించాను. టాన్ దగ్గర కాస్."

ఇక్బాల్ వెనక్కి తిరిగాడు.

"పీకెయ్" అన్నాడు. "ఆరకముందే."