చనిపోయినవాడి హార్డ్ డిస్క్

లిఫ్ట్ ఎక్కినప్పుడు సీనియర్ ఏజెంట్ బతికే ఉన్నాడు. కింద తలుపులు తెరుచుకునేసరికి లేడు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు ఒక్కటే ఉంది.

"వాడింట్లో కంప్యూటర్ ఉంది," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా ఓడలో ఏ కంటైనర్‌లో బాంబు పెట్టిందో అందులోనే ఉంది. ఆ హార్డ్ డిస్క్ కొనఊపిరితో ఉందని మొన్నే చెప్పాడు. కదిపితే పోతుంది. ఆన్ చేసి వెతికినా పోతుంది. అక్కడే ఖాళీ డిస్క్ మీదికి క్లోన్ చెయ్, ఉన్నదున్నట్టు నకలు తియ్. ఓడ సాయంత్రానికి రేవులో ఉంటుంది."

"పొరపాటు జరిగితే?"

"అసలు డిస్కూ, ఖాళీ డిస్కూ తారుమారు చేశావనుకో, ఖాళీ వచ్చి అసలు మీద కూర్చుంటుంది, అంతా చెరిగిపోతుంది. ఇక నువ్వూ నేనూ చేసేదేం లేదు."

చీఫ్ ఈ పని అప్పగించిన ఏజెంట్‌ని ఆఫీసులో అందరూ తోక అంటారు. వెనకే తిరుగుతాడని సీనియరే పెట్టిన పేరు. వీధిలో వాళ్లకి అనుమానం రాకుండా మెకానిక్ వేషంలో సీనియర్ ఇంటికి వెళ్లి బెల్ కొట్టాడు. సీనియర్ భార్య తలుపు తీసింది. ఏడ్చిన కళ్లే, కాటుక మాత్రం చెదరలేదు.

"రా తోకా. మీ అన్న గది అలాగే ఉంచాను."

కుర్చీ మెత్త మీద మనిషి కూర్చున్న గుంట ఇంకా లేవలేదు. తోక అందులో కూర్చోలేక నిలబడే పని మొదలుపెట్టాడు. అసలు డిస్క్‌ని మొదటి వైరుకి తగిలించి కాసేపు తిప్పి చూశాడు. టిక్, టిక్. ఎవరో గోటితో తలుపు కొడుతున్నట్టుంది.

"ఆ చప్పుడు వింటూ కూర్చునేవారు మీ అన్న," అందామె.

కరెంటు ఆపి, ఖాళీ డిస్క్‌ని రెండో వైరుకి పెట్టాడు. అదే కంపెనీ, అదే సైజు.

బెల్ మోగింది.

"కాస్త చూడవూ. నాకు భయంగా ఉంది."

మెట్ల మీద ఎవరూ లేరు. కింద వీధి తలుపు ఊగుతోంది.

తిరిగొచ్చి కరెంటు పెట్టి, మొదటి వైరు డిస్క్‌ని రెండోదాని మీదికి కాపీ చెయ్యమని కమాండ్ ఇచ్చాడు. పది సెకన్లలో క్లోనింగ్ మొదలవుతుందని తెర మీద అంకెలు తగ్గసాగాయి. ఏం తోచక మొదటి వైరు డిస్క్ మీద వేలు పెట్టాడు.

చల్లగా ఉంది.

ఇప్పటిదాకా తిరిగిన డిస్క్ చల్లగా ఉండదు. పొద్దున మార్చురీలో అన్న నుదురు ఇలాగే తగిలింది. రెండోదాన్ని తాకాడు. వెచ్చగా ఉంది. అంకె ఒకటికి దిగుతుండగా వైరు పీకేశాడు.

"బెల్ కొట్టించి, నేనటు వెళ్లగానే డిస్కులు మార్చేశావు కదా వదినా."

ఆమె చేతిలో సూది మెరిసింది. అతను మణికట్టు పట్టి మెలిపెట్టాడు. సూది నేల మీద పడింది.

"ఆ ముఠా కోసం అన్నని చంపింది కూడా నువ్వేనా?"

"నొప్పి తెలిసుండదులే," అందామె, కాఫీలో చక్కెర సరిపోయిందని చెప్పినంత మామూలుగా.

ఆమెకి బేడీలు వేసి, డిస్కులు సరిచేసి, మళ్లీ మొదలుపెట్టాడు. టిక్, టిక్. కాపీ నూరు శాతానికి చేరగానే ఆ చప్పుడు ఆగిపోయింది. మళ్లీ వినిపించలేదు.

ఓడ రేవు చేరకముందే కంటైనర్ దొరికింది.

"డిస్క్‌కి వాడు పెట్టుకున్న పాస్‌వర్డ్ ఎలా పట్టావ్?" అడిగాడు చీఫ్.

"అన్నా వదినల పెళ్లి తేదీ సార్."

"మరి ఆవిడ ఇన్నాళ్లూ ఎందుకు తెరవలేకపోయింది?"

"అన్నీ కొట్టి చూసిందట సార్. అదొక్కటే తట్టలేదట."