మూడు టీమ్‌లలో సాల్మన్ రాజు

సాల్మన్ రాజు చనిపోయి ముప్పై ఒక్క రోజులైంది. అయినా రోజూ ఉదయం తొమ్మిదింటికి ఠంచనుగా ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో లాగిన్ అవుతున్నాడు. బతికున్నన్నాళ్లూ ఏనాడూ తొమ్మిదిన్నరకి ముందు రాని మనిషి!

నరసరావుపేటలోని నాగులేరు బ్లాస్టింగ్ సప్లైస్ సున్నపురాయి క్వారీలకు రాళ్లు పేల్చే డిటొనేటర్లు అమ్ముతుంది. నరసరావుపేట, మాచర్ల, గురజాల అని మూడు సేల్స్ టీమ్‌లు. కస్టమర్ల వివరాలుండే సీఆర్‌ఎమ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక టీమ్ ఆర్డర్లు ఇంకో టీమ్‌కి కనపడవు. ప్రతి ఆర్డర్ పక్కనా లారీ నంబరు, రూటు, డ్రైవర్ ఫోను ఉంటాయి కాబట్టి, అన్నీ ఒకే మనిషికి తెలియకూడదని ఆ ఏర్పాటు. ఇప్పుడు మూడు టీమ్‌లలోనూ ఉన్న పేరు ఒక్కటే. అది దాచేపల్లి రోడ్డు మీద లారీ గుద్ది పోయిన మాచర్ల టీమ్ లీడర్ సాల్మన్ రాజుది.

ఆ లాగిన్ వెనక ఎవరున్నారో తేల్చడానికి సీక్రెట్ ఏజెంట్ ఐజాజ్ మూడు వారాల క్రితం ఆఫీసులో దిగాడు. మారుపేరు ఫైజల్, వేషం సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పెన్ కెమెరా పల్నాడు ఎండకి మొదటి వారమే కన్ను మూసింది. పెన్నుగా కూడా రాయలేదు.

శనివారం పన్నెండూ నలభైకి చీఫ్ ఫోన్ చేశాడు.

"దాచేపల్లి బస్సు ఎక్కావా?"

"సీటు దొరకలేదు."

కోడ్ సరిపోయింది. "విను. ఆ లాగిన్ వెనకున్నది పేలుళ్లు చేసే విదేశీ ముఠా, ఈరోజే దెబ్బ కొడతంది. మూడు టీమ్‌ల సరుకుతో మూడు లారీలు బయల్దేరినయ్. సరిగ్గా ఒంటిగంటకి సాల్మన్ రాజు ఐడీ నుంచి డ్రైవర్లకి రూటు మార్చమని ఆర్డర్ వెళ్తది. బయటి రాష్ట్రం డ్రైవర్లు, ఆయన పోయిన సంగతి వాళ్లకి తెలీదు. సరుకు ముఠా చేతిలో పడితే రేపు ఏ రైల్వే స్టేషన్ లేచిపోద్దో చెప్పలేం."

"లారీల్ని ఆపించండి సార్."

"జీపీఎస్ పీకేశార్రా, ఎక్కడున్నాయో తెలీదు. డ్రైవర్లు ఫోన్లెత్తట్లా. ఐడీ డిలీట్ చెయ్."

"సేల్స్ మేనేజర్ పాస్‌వర్డ్ కావాలి."

"ఆవిడే డబుల్ ఏజెంట్. మనకి వార్తలు మోసేదీ ఆవిడే, వాళ్లకి తలుపు తీసిందీ ఆవిడే. ఆ ఐడీని మూడు టీమ్‌లలో చేర్చింది ఆవిడేనని ఇప్పుడే తేలింది."

ఐజాజ్ ఆమె కేబిన్ వైపు చూశాడు. సేల్స్ మేనేజర్ ఫిలోమినా సాల్మన్ రాజు చెల్లెలు. ఆమె నీలం చీరలో మెట్లు దిగితే మూడు టీమ్‌లూ ఒకేసారి కీబోర్డులు మరిచిపోతాయి. మూడు వారాలుగా ఐజాజ్ ఆమె బాక్సులోని గోంగూర పంచుకు తింటున్నాడు. ఏజెంట్లు ప్రేమలో పడకూడదని రూల్ బుక్కులో ఉంది. పడ్డాక ఏం చేయాలో మాత్రం లేదు.

సాల్మన్ పేరు ఎందుకు తీయలేదంటే, ఆమె అడిగింది కాబట్టి. "ఆదరణ కూడిక అయ్యేదాకా అన్న పేరు ఉంచండి" అంది. చర్చి వాళ్లందరూ ఇంటికొచ్చి, ప్రార్థన చేసి, భోజనం చేయకముందే పోయినవాడి పేరు కొట్టేయడానికి టీమ్‌లలో ఎవరికీ చేతులు రాలేదు. మనుషుల ఆ మెత్తదనమే ముఠాకి దారి చూపింది.

ఐజాజ్ ఆమె కేబిన్‌లోకి వెళ్లి తలుపు వేశాడు. ఒంటిగంటకి తొమ్మిది నిమిషాలుంది.

"మేడమ్, నేను గవర్నమెంటు మనిషిని. మీ అన్న ఐడీ ఎవరికిచ్చారు?"

ఆమె ఉలిక్కిపడలేదు. తెరవని బాక్సు పక్కకి జరిపింది. "రోజూ మధ్యాహ్నం అన్నయ్య ఫోన్ చేస్తాడు."

"ఏంది మీరనేది?"

"అన్నయ్య గొంతే. కంప్యూటర్‌లో తయారుచేస్తారంట. 'చెల్లీ, అన్నం తిన్నావా?' అంటది. వాళ్లు అడిగింది చేస్తే రోజూ వస్తది, లేకపోతే ఆగిపోద్ది."

"ఆయన్ని గుద్దిన లారీ వాళ్లదేనని మావాళ్లు తేల్చారు. పాస్‌వర్డ్ ఇవ్వనన్నాడని చంపారు."

"అనుమానం వచ్చింది." ఆమె కళ్ల నుంచి నీళ్లు జారాయి. "అడగలా. అడిగితే ఫోన్ రాదుగా."

ఐజాజ్‌కి కోపం రావాల్సింది. ఏడుపు వచ్చింది. అప్పుడే ఆమె ఫోన్ మోగింది. ఆమె స్పీకర్ నొక్కింది.

"చెల్లీ, అన్నం తిన్నావా?"

"తిన్నా అన్నయ్యా." తినలేదు. "ఒక మాట అడుగుతా. నేనేం చేసేది?"

"ఐదు నిమిషాలు కంప్యూటర్ ముట్టుకోకు చెల్లీ. తర్వాత అంతా నేను చూసుకుంటా."

ఆమె కళ్లు తుడుచుకుంది. "మా అన్న ఏనాడూ చూసుకుంటాననలా. అన్నీ నేనే చూసుకోవాలి ఆయనకి." ఫోన్ కట్ చేయలేదు. వింటూనే కంప్యూటర్ ముందుకి కుర్చీ లాక్కుంది.

నరసరావుపేట టీమ్ నుంచి తీసేసింది. గురజాల నుంచి తీసేసింది. మాచర్ల దగ్గర చెయ్యి ఆగింది. ఒంటిగంటకి ఇరవై సెకన్లే ఉంది. ఫోన్‌లో గొంతు "చెల్లీ, చెల్లీ" అంటోంది. ఐజాజ్ ఆమె చెయ్యి పట్టుకుని నొక్కించొచ్చు. అతనికి చేతకాలేదు. ఐదు సెకన్లు. ఆమె "పోయిరా అన్నయ్యా" అని డిలీట్ నొక్కింది.

ఒంటిగంట కొట్టింది. ఏ డ్రైవర్‌కీ ఏ ఆర్డరూ వెళ్లలేదు. ఫోన్‌లో గొంతు సగం మాట మీద ఆగిపోయింది.

మహిళా కానిస్టేబుళ్లు వచ్చారు. ఆమె గుమ్మం దగ్గర ఆగి, "బాక్సులో అన్నం అట్నే ఉంది. పారేయొద్దు" అంది. అతని పేరేమిటని మాత్రం అడగలేదు.

స్క్రీన్ మీద సాఫ్ట్‌వేర్ అడుగుతోంది: సాల్మన్ రాజు కస్టమర్లు రెండు వందల పద్నాలుగు మంది, వీళ్లని ఎవరికి అప్పగించాలి? వేరే పేరు తోచక ఐజాజ్ ఫైజల్ అని కొట్టాడు. నిమిషం తిరక్కుండానే టేబుల్ మీది ఫోన్ మోగింది.

"మాచవరం క్వారీ నుంచి బాలశౌరిని. సాల్మన్ ఉన్నాడా? నెల నుంచీ ఫోన్ ఎత్తట్లా."

"లేడండీ. చనిపోయాడు."

ఐజాజ్ మూడు వారాల్లో ఆ ఆఫీసులో ఏ కస్టమర్‌కైనా చెప్పిన మొదటి నిజం అదే.

"అయ్యో... మరి నువ్వెవరయ్యా?"

ఒకే కస్టమర్‌కి రెండు నిజాలు చెప్పే అలవాటు లేక అతను గొంతు సవరించుకున్నాడు. "ఫైజల్ అండీ."