పద్నాలుగో లాండ్రీ

అక్టోబరు పదకొండు, శుక్రవారం. ఆ మధ్యాహ్నం తిన్నది రొట్టె, ఉడికించిన గుడ్లు. గుడ్లు నాలుగే ఉన్నాయి. లాండ్రీ నడిపే ఆయనకు రెండు, భార్యకు ఒకటి, బట్టలు వేయడానికి వచ్చిన ఫిడేలు మాస్టారికి ఒకటి. మాస్టారు కౌంటరు దగ్గర నిలబడే తిని, "ఉప్పు మరిచిపోయావు చెల్లెమ్మా" అని నవ్వి, రుమాలుకు చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే పెద్ద కూడలిలో ఊరేగింపు మీద సైనికులు కాల్పులు జరిపారు. దేశమంతా ఆ తేదీని కాల్పుల రోజుగా గుర్తుపెట్టుకుంది. నలభై మూడేళ్లయినా పెద్దాయనకు మాత్రం ముందుగా గుర్తొచ్చేది ఆ ఉప్పు లేని గుడ్డే.

ఇప్పుడాయనకు డెబ్బై ఒకటి. లాండ్రీ మూసేసి పన్నెండేళ్లు, భార్య పోయి ఐదేళ్లు. కూతురింట్లో వీధివైపు చిన్న గదిలో ఉంటున్నాడు. కూతురు హైస్కూల్లో చరిత్ర చెబుతుంది. అల్లుడు దూరప్రయాణాల బస్సు నడుపుతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. మనవరాలికి పద్నాలుగేళ్లు. ఇంట్లో ఆఖరి మాట ఎప్పుడూ ఆ పిల్లదే.

ఆ శనివారం పొద్దున ఎప్పటిలాగే ఆయన అందరి బట్టలూ ఇస్త్రీ చేస్తున్నాడు. ఏ చొక్కా చేతికొచ్చినా ముందు కాలర్ తిప్పి లోపల చూడటం ఆయనకు అలవాటు. ఇంట్లో బట్టలకు గుర్తులేం ఉండవు. అయినా చూస్తాడు.

"ఎవరిదో తేలిందా తాతా, నా యూనిఫాం?" అంది మనవరాలు.

"ఎవరో అల్లరిపిల్లది. అంచుకి సిరా పూసుకొచ్చింది."

ఇంతలో కూతురు గది తలుపు ధడాలున వేసి వచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమెకు తలుపు నెమ్మదిగా వేయడం చేతకాదు. చేతిలో మూడు పాసులున్నాయి. కాల్పుల మ్యూజియం తెరిచి నాలుగు నెలలైంది. స్కూలు పిల్లల్ని ఆరుసార్లు తీసుకెళ్లింది గానీ, ఆ రోజులు కళ్లారా చూసిన సొంత తండ్రిని ఒక్కసారీ తీసుకెళ్లలేకపోయానని ఆమె బాధ. ఆయన మోకాళ్ల గురించి మొదలుపెట్టబోయాడు.

"నీ మోకాళ్లు భలే తెలివైనవి తాతా" అంది మనవరాలు. "బజారంటే పరిగెడతాయి. మ్యూజియం అంటే కూలబడతాయి. లేకపోతే నీ కస్టమర్ ఇవాళే వచ్చేస్తాడని భయమా?"

అది ఇంట్లో పాత హాస్యం. ఆయన అలమర మీద గోధుమరంగు కాగితంలో చుట్టిన బట్టల పొట్లం ఒకటి ఉంది. షాపు మూసేటప్పుడు అన్నీ తేల్చేసి దాన్నొక్కదాన్నీ ఇంటికి తెచ్చుకున్నాడు. ఎవరిదని అడిగితే, కస్టమర్‌ది, ఇంకా తీసుకెళ్లలేదు అనేవాడు. దుమ్ము దులిపినప్పుడల్లా మనవరాలు ఆ రాని కస్టమర్‌ను నాలుగు తిట్టి, పొట్లాన్ని మళ్లీ అక్కడే పెట్టేది.

ఆయన ఇస్త్రీపెట్టె ఆపేసి, చెప్పులు వేసుకున్నాడు.

మ్యూజియం కూడలికి ఎదురుగా, పాత తంతి ఆఫీసు భవనంలో ఉంది. మొదటి గదిలో ఫొటోలు. రెండో గదిలో ఒక సైకిలు, పగిలిన కళ్లజోడు, తాళంచెవుల గుత్తి. చనిపోయింది పంతొమ్మిది మందేనని అప్పటి ప్రభుత్వం చెప్పింది. శవాలను ఎవరికీ చూపించకుండా ఊరి బయట పూడ్చేసింది. అసలు లెక్క అరవై ఒకటి. కూతురు పాఠం చెప్పే గొంతుతోనే ఇవన్నీ వివరిస్తుంటే, ఆయన కొత్తగా వింటున్నవాడిలా తల ఊపుతూ వెనకే నడిచాడు. రెండు గదులు దాటేసరికి ఊపిరి కాస్త తేలికైంది. ఇంతేనేమో అనుకున్నాడు.

మూడో గదిలో చొక్కాలున్నాయి.

పోలీసు గోదాములో సంచుల్లో దొరికాయట. అరవై కొక్కేలు, ఒక్కో చొక్కా కింద ఒక్కో పేరు. చిట్టచివరిదైన అరవై ఒకటో చొక్కాకు మాత్రం విడిగా అద్దాల పెట్టె కట్టారు. దాని కాలర్ బయటికి తిప్పి, మీద భూతద్దం అమర్చారు. లోపల నల్లసిరాతో అర్ధచంద్రం, దాని కింద రెండు గీతలు, ఒక చుక్క. చుక్కకు సన్నని తోక.

ఆ రోజుల్లో ప్రతి కస్టమర్‌కూ లాండ్రీలో ఒక గుర్తు ఉండేది. చెరగని సిరాతో కాలర్ లోపల వేస్తే, వంద చొక్కాలు ఒకే తొట్టిలో నానినా ఎవరివి వాళ్లకు చేరేవి. ఆయన షాపులో గుర్తులు వేసేది భార్య. చుక్క పెట్టి పెన్ను లేపేటప్పుడు ఆమె చెయ్యి జారి తోక వచ్చేది. ఎన్నిసార్లు చెప్పినా ఆ తోక పోలేదు. ఇంకో సంగతి కూడా ఆయన చూశాడు. కాలర్ ఎడమవైపు అరిగి పోగులు తేలి ఉంది. రోజూ ఫిడేలు ఆనే చోటు అది.

మనవరాలు నోటుపుస్తకంలో ఆ గుర్తు గీసుకుంటూ కింద కార్డు చదివింది. "గుర్తు తెలియని వ్యక్తి. వయసు సుమారు ముప్పై. ఈ గుర్తు ఎవరిదో తెలుసుకోవడానికి అప్పట్లో పోలీసులు ఊళ్లోని పద్నాలుగు లాండ్రీల్లో విచారించారు. తమది కాదని అందరూ చెప్పారు."

"ఆ పద్నాలుగు మందిలో ఒకడు అబద్ధం చెప్పాడు, ప్రభుత్వం మారాక కూడా నోరు విప్పలేదు" అంది కూతురు. "పిల్లల్ని ఇక్కడ ఐదు నిమిషాలు నిలబెడతాను నాన్నా. తుపాకీ పట్టుకున్నవాళ్ల గురించి అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది, ఈ పిరికివాడి గురించి ఎవరూ రాయరు, మీరైనా గుర్తుపెట్టుకోండని చెబుతాను." తర్వాత ఆయన వైపు తిరిగింది. "నీకు వాళ్లంతా తెలిసే ఉంటారుగా. ఎవరై ఉంటారంటావు?"

"ఎప్పటి మాటో" అన్నాడాయన.

కాళ్లు నిజంగానే వణికాయి. గదికి కాపలా ఉన్న ఆవిడ ఏమీ అడక్కుండా స్టూలు తెచ్చి వేసి, గ్లాసుతో మంచినీళ్లు అందించింది. ఈ గదిలో చాలామందికి ఇలాగే అవుతుందండీ, అందుకే ఈ స్టూలు దగ్గర పెట్టుకుంటాను అంది. ఆ నీళ్లు తాగే అర్హత తనకు లేదనిపించింది. అయినా దాహం వేసింది, తాగాడు.

ఇంటికొచ్చి భోజనాలకు కూర్చున్నారు. నాన్న మనసు కదిలిపోయిందని కూతురు మెత్తగా మాట్లాడుతోంది, పెరుగు తనే కలిపి పెట్టింది. ఆ మెత్తదనం ఆయనకు ముల్లులా గుచ్చుకుంటోంది. మనవరాలు ఎడంచేత్తో నోటుపుస్తకం తిప్పుతూ ఆగింది.

"తాతా, ఈ చందమామ గుర్తు నీ పొట్లం చీటీ మీద కూడా ఉంది కదూ?"

కూతురు నవ్వింది. లాండ్రీ గుర్తులన్నీ ఒకేలా ఉంటాయే అంది. ఇద్దరూ ఆయన వైపు చూశారు.

"అది మా షాపుది కాదు" అన్నాడాయన.

అనేశాక ఆ మాట తనకే వినిపించింది. అవే నాలుగు ముక్కలు, అదే గొంతు. అప్పుడు ఎదురుగా మఫ్టీలో ఇద్దరు పోలీసులున్నారు. ఇప్పుడు చేతికి పెరుగు అంటిన పద్నాలుగేళ్ల పిల్ల ఉంది. అప్పుడు భయపడ్డాడంటే అర్థముంది. ఈ పిల్లకెందుకు భయపడ్డాడు?

కూతురు సరేలే అన్నట్టు పళ్లెం తీయబోయింది. ఆయన లేచి చెయ్యి కడుక్కుని, గదిలోకి వెళ్లి పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టాడు. పురికొస విప్పాడు. రెండు తెల్ల చొక్కాలు, ఒక ప్యాంటు. కాలర్ తిప్పి చూపించాడు.

"ఫిడేలు మాస్టారివి" అన్నాడు. "ఆయనే."

ఆ తర్వాత తల ఎత్తకుండా అంతా చెప్పాడు. కాల్పులైన మూడో రోజు వాళ్లు చొక్కా పట్టుకొచ్చి, మీది పద్నాలుగో లాండ్రీ, ఇదే ఆఖరు అన్నారు. చనిపోయినవాళ్ల ఆనవాలు తెలిస్తే వాళ్ల ఇల్లంతా సోదా చేసి ఉన్నవాళ్లను పట్టుకెళ్తున్నారు, చెప్పినవాణ్ణీ వదలడం లేదు. భార్య పరదా వెనక, చేతిలో గుర్తులు వేసే పెన్నుతో నిలబడి ఉంది. నిండు నెలలు. ఆయన కాదన్నాడు. వాళ్లు వెళ్లిపోయారు. ఆమె పెన్ను కడిగి, ఆ రోజుకు ఇంకే గుర్తూ వేయలేదు.

"అప్పుడు నువ్వు కడుపులో ఉన్నావమ్మా. నీకోసమే..."

"నన్ను అడ్డం పెట్టుకోకు నాన్నా" అంది కూతురు. గొంతు పెంచలేదు. "ఆయనకు ఇంట్లో ఎవరూ లేరా?"

ఆయన చెప్పకూడదనుకున్నది అదొక్కటే. మాస్టారికి తల్లి ఉంది, ఓ చెల్లెలుంది. కాల్పుల తర్వాత చాలామంది సరిహద్దు దాటి పారిపోయారు. తన కొడుకూ అలాగే వెళ్లాడని ఆ తల్లి నమ్మింది. ప్రతి శనివారం లాండ్రీ రసీదు పట్టుకుని షాపుకొచ్చేది. మావాడు బట్టలు తీసుకెళ్లాడా బాబూ అని అడిగేది. ఇంకా లేదమ్మా అనేవాడు ఆయన. అయితే వస్తాడు, మంచి చొక్కాలు వదిలిపెట్టే రకం కాదు వాడు, అని ఆమె సంతోషంగా వెళ్లిపోయేది. బట్టలు ఇచ్చేస్తానన్నా తీసుకోలేదు. వాడే వచ్చి తీసుకుంటాడులే అంది. అలా ఆరేళ్లు వచ్చింది. తర్వాత రావడం మానేసింది.

"నాలుగో ఏడే ప్రభుత్వం మారింది" అంది కూతురు. తేదీలు ఆమెకు కొట్టిన పిండి. "చెబితే ఎవరూ నిన్ను ఏమీ చేసేవాళ్లు కాదు. మిగతా రెండేళ్లు ఎందుకు చెప్పలేదు?"

"మొదట భయం. తర్వాత సిగ్గు." ఆయన చొక్కా బొత్తాం ఒకటి పెట్టాడు, తీశాడు. "భయం పోయింది గానీ సిగ్గు ఏటికేడు పెరిగింది. మీ అమ్మ వెళ్లి చెప్పి రమ్మంది. నేను మాట్లాడకపోతే, మళ్లీ అడగలేదు. ప్రతి ఏడూ పొట్లం విప్పి, ఉతికి, ఇస్త్రీ చేసి మళ్లీ కట్టేది. అంతే."

కూతురు లేచి నిలబడింది. రెండు వందల మంది పిల్లల చేత ఆ అద్దం ముందు తన తండ్రిని పిరికివాడని అనిపించానని, అందులో తప్పేమీ లేకపోవడమే తనకు ఏడుపొస్తోందని అంది. గదిలోకి వెళ్లింది. తలుపు పడిన చప్పుడుకు బల్ల మీద గ్లాసులు అదిరాయి.

మనవరాలు కదల్లేదు. నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి, ఆయన పేరేంటి తాతా అని అడిగింది. నలభై మూడేళ్లలో ఆ పేరు ఆయన పైకి పలకలేదు. ఇంటిపేరుతో సహా చెప్పాడు. పిల్ల తన గుండ్రటి అక్షరాలతో రాసుకుని, తప్పుందేమో చూడమని పుస్తకం ఆయన ముందుకు జరిపింది. కళ్లు మసకేసి అక్షరాలు కనిపించలేదు. సరిగ్గానే ఉందన్నాడు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆయన ఇస్త్రీబల్ల ముందు నిలబడి ఉన్నాడు. మడతల దగ్గర చొక్కాలు పసుపుబారాయి. భార్య పోయాక ఈ ఐదేళ్లూ ఎవరూ విప్పలేదు. నీళ్లు చిలకరించి, పెట్టె వేడి తగ్గించి, మెల్లగా రుద్దుతున్నాడు. కూతురు వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. రెండో చొక్కా చేతిలోకి తీసుకుని కాలర్ తిప్పింది. తోక ఉన్న చుక్క మీద బొటనవేలు ఆనించింది.

"అమ్మ చేతి రాత" అంది. "పరీక్షల్లో నా సున్నాలకు కూడా ఇలాగే తోక వచ్చేది. టీచరు కొట్టేది."

ఆయన పెట్టె పక్కకు పెట్టేశాడు. అది బల్ల అంచుకు వచ్చింది. ఆమె చూసి, ఆ పెట్టెను ఇంకాస్త దూరం జరిపింది.

మాస్టారి చెల్లెలు ఉందా అని అడిగింది. ఉంది, తల్లి పోయింది గానీ చెల్లెలు ఆ ఇంట్లోనే ఉంది, పిండిమర వెనక సందులో, గుమ్మం ముందు పూలకుండీలున్న ఇల్లు. నీకెలా తెలుసంటే, నెలకోసారి ఆ సందులోంచి నడిచి వస్తానని ఒప్పుకున్నాడు. తలుపు ఎప్పుడూ తట్టలేదు.

"ముందు ఆవిడకు చెప్పాలి. మ్యూజియం తర్వాత" అంది కూతురు. "సోమవారం నేను సెలవు పెడతాను."

"నువ్వెందుకమ్మా, ఆ మాటలు పడాల్సింది నేను."

"పడేది నువ్వే. నేను పక్కన ఉంటానంతే. నేను రాకపోతే సగం దారిలో నీ మోకాళ్లు నొప్పెడతాయి."

నవ్వాలో వద్దో ఆయనకు తెలియలేదు. ఆమె నవ్వలేదు. కానీ చొక్కా రెండో అంచు పట్టుకుంది. తండ్రీ కూతుళ్లు చెరోవైపు లాగి, చేతులు లోపలికి మడిచి, కాలర్ నిలబెట్టి సర్దారు. పాత కాగితం చిరిగిపోతే మనవరాలు కొత్తది తెచ్చింది. పాత చీటీ మాత్రం తీసి దాని మీద మళ్లీ అతికించింది.

పొట్లం ఈసారి అలమర ఎక్కలేదు. వీధి తలుపు పక్కన కుర్చీలో పెట్టారు. ఆయన మంచం మీద వాలి, గోడవైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు. నిద్ర రాలేదు. సోమవారం ఆ గుమ్మం ముందు మొదటి మాట ఏమని అనాలో వెతుక్కుంటున్నాడు. "అమ్మా, నాది పద్నాలుగో లాండ్రీ" అని మొదలుపెట్టాలనుకున్నాడు.

కూతురు వచ్చిన అలికిడి వినిపించింది. మంచినీళ్ల గ్లాసు స్టూలు మీద పెట్టింది. జారిన దుప్పటి పాదాల మీదికి లాగింది. క్షమించానని అనలేదు. ఆయనా అడగలేదు. ఆమె లైటు తీసి బయటికి వెళ్లి, గడియ మీద చెయ్యి ఆనించి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.