వకుళ తాగిన నీళ్లు

తెర మీద వకుళ నవ్వింది. తెర ముందు కుర్చీలో కూర్చున్న వకుళకు మాత్రం నవ్వు రాలేదు.

"ఎలా ఉంది?" అనడిగాడు ఆ బొమ్మను తయారుచేసిన డాక్టర్ ఉదయభాస్కర్, మొదటి మనవణ్ణి ఎత్తుకుని చూపించినంత మురిపెంగా.

"నా చెవి కమ్మలతో సహా దింపేశారు" అంది వకుళ. "ఇంతకీ ఇది ఏం చేస్తుంది?"

ఆయన చెడ్డవాడు కాదు. ఎవరు ఏమడిగినా ఓపిగ్గా విడమరిచి చెప్పే మనిషి. "దీని పేరు ఊరట. టీవీకున్న కెమెరా చూసేవాళ్ల ముఖం చదువుతుంది. చర్మం రంగులో మన కంటికి ఆనని మార్పుల్ని బట్టి నాడి లెక్కగడుతుంది. నాడి పెరిగి, కనుపాప పెద్దదయిందంటే ఆ మనిషికి మనసు బాగోలేదన్నమాట. కాసేపట్లో ఛానెల్ మార్చేస్తాడు. అంతకు ముందే ఇది మాట మార్చేస్తుంది. ఏ ఇంటికి తగిన వకుళ ఆ ఇంటికి."

"అంటే నేను ఒక ఇంట్లో చెప్పింది పక్కింట్లో చెప్పనా?"

"రెండిళ్లలో ఒకే కూర వండుకుంటారామ్మా?"

ఆ మాటకు పక్కనున్న ఛానెల్ మేనేజరు పెద్దగా నవ్వాడు. నవ్వు అయ్యాక చల్లగా చెప్పాడు: 'పట్టపగలు' కార్యక్రమం రద్దు. సోమవారం నుంచి ఆమె రానక్కర్లేదు.

మధ్యాహ్నం పూట వచ్చే 'పట్టపగలు' తెలియనివాళ్లు ఆ రోజుల్లో లేరు. మెస్సుల్లో, దర్జీ కొట్లలో, ఆసుపత్రి వరండాల్లో అదే మోగుతుండేది. ఎక్కడ రోడ్డు కుంగింది, ఎక్కడి బడి కప్పు కూలింది, ఎవరు జవాబు చెప్పాలి అని వకుళ అడిగేది. అడిగి ఊరుకునేది కాదు, ఉడుంపట్టు పట్టేది. గట్టి ప్రశ్న వేసే ముందు బల్ల మీది స్టీలు గ్లాసెత్తి ఒక గుక్క తాగడం ఆమె అలవాటు. ఆమె గ్లాసెత్తిందంటే ఎవరికో మూడిందని జనం నవ్వుకునేవాళ్లు.

"ఆఖరి రోజు జనానికి చెప్పి సెలవు తీసుకుంటాను" అంది వకుళ.

"ఏమని చెప్తావమ్మా? రేపూ ఎల్లుండీ నువ్వు వాళ్లకు కనిపిస్తూనే ఉంటావు గదా" అన్నాడు మేనేజరు. ముఖం మీదా గొంతు మీదా హక్కులు ఛానెల్‌వేనని కాంట్రాక్టులో ఎప్పుడో సంతకం పెట్టింది. పెట్టేటప్పుడు అందరూ చదువుతారా ఏమిటి!

ఉద్యోగం పోయిందన్న బాధకన్నా పెద్ద దిగులు ఇంకొకటి ఆమెను పట్టుకుంది. అది గుండ్లకుంట వాడ.

రంగుల ఫ్యాక్టరీ వెనక ఉందా వాడ. బోరు నీళ్లు తాగి పెద్దవాళ్ల కాళ్లు వాచిపోతున్నాయి, కడుపులోని పిల్లలు నిలవడం లేదు. నెల కిందట వకుళ కెమెరాతో వెళ్లినప్పుడు ఈదమ్మ అనే పెద్దామె అందరి ముందూ అనేసింది: "మస్తు మంది వస్తరు బిడ్డా. కుర్చీల కూసుంటరు, ఫోటోలు దిగుతరు, ఓట్లడుగుతరు. మా చేతి నీళ్లు ఇయ్యవోతే మాత్రం ఇప్పుడే తాగొచ్చినం అంటరు. నీళ్లు చెడ్డయి గాక ముందు గూడ గంతే."

వకుళ ఈదమ్మ ఇంట్లో బోరు నీళ్లు సీసాలో పట్టించుకుని, కెమెరా ముందు మాటిచ్చింది: "వీటిని పరీక్ష చేయిస్తాను. మంచివని తేలితే ఈ నీళ్లే నా గ్లాసులో పోసుకుని పట్టపగలు అందరి ముందూ తాగుతాను. తేలేదాకా గ్లాసు ముట్టను. మీరూ ట్యాంకరు నీళ్లే తాగండి." ఆ రోజు నుంచి కార్యక్రమం రద్దయ్యేదాకా ఆమె గ్లాసెత్తలేదు.

సోమవారం నుంచి తెర మీదికి మిషన్ వకుళ వచ్చింది. ఆ వారం చివర్లో ల్యాబు నుంచి ఫోనొచ్చింది. ఆ నీళ్లు మనుషులే కాదు, గొడ్లు కూడా తాగకూడదు. కడుపుతో ఉన్నవాళ్లకైతే విషమే.

వకుళ సెల్‌ఫోను ముందు కూర్చుని ఆ మాట చెప్పి వీడియో పెట్టింది. పెట్టిన కాసేపటికే దాన్ని తీసేశారు. అసలు వకుళ ఛానెల్‌లో ఉంది కాబట్టి ఇది నకిలీ అని కింద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఆమె ఉదయభాస్కర్‌కి ఫోన్ చేసింది.

"మీ మిషన్‌తో ఒక్క నిజం చెప్పించండి. గుండ్లకుంట నీళ్లు తాగొద్దని."

"చెప్పించినా నిలవదమ్మా. ఆ మాట వినగానే ఆ వాడలో అందరి నాడీ పెరుగుతుంది, మిషన్ వేరే సంగతిలోకి జారిపోతుంది. అబద్ధం చెప్పమని మేం దానికి నేర్పలేదు. ఎవర్నీ బాధపెట్టొద్దని మాత్రమే నేర్పాం." తర్వాత మెచ్చుకుంటున్నట్టు అన్నాడు. "అన్నట్టు, మీ పాత రికార్డులన్నీ చదివి అదెంత తెలివి చూపించిందో తెలుసా? చివరి నెలంతా మీరు గ్లాసు ముట్టలేదు కదా. అది పొరపాటనుకుని సరిదిద్దింది. గ్లాసెత్తితే జనం నాడి ఎంత బాగా దిగుతోందో! మాట ఇంటికొకటిగా మారుతుంది గానీ, ఆ గుక్క మాత్రం అన్ని ఇళ్లలోనూ ఉంచేసింది."

వకుళ చెప్పుల్లో కాళ్లు పెట్టి ఉన్నపళంగా బస్సెక్కింది.

వాడ మొదట్లో ట్యాంకరు కోసం వరసగా నిలబెట్టే డ్రమ్ములు బోర్లించి ఉన్నాయి. బోరు దగ్గర బిందెలు నిండుతున్నాయి. ఈదమ్మ ఇంట్లో టీవీ నడుస్తోంది. తెర మీది వకుళ ఆవకాయ బూజు పట్టకుండా ఎలా దాచుకోవాలో చెబుతోంది.

"ఓ స్వరూపా, ఎవరొచ్చిండ్రో జూడే!" అని ఈదమ్మ కోడల్ని కేకేసింది. నెలలు నిండిన స్వరూప నవ్వుతూ కుర్చీ తెచ్చి వేసింది.

"ట్యాంకరు రావడం లేదా?" అనడిగింది వకుళ.

"మేమే వద్దన్నం. మీరు తాగినంక ఇంక ట్యాంకరెందుకు?" అంది ఈదమ్మ.

"నేను తాగానని ఎవరు చెప్పారు?"

"చెప్పుడెందుకు బిడ్డా? మాటిచ్చినట్టె గ్లాసెత్తి తాగిన్రు గద. వాడంత జూసింది. నాకైతే కండ్లల్ల నీళ్లు తిరిగినయ్."

"ఈదమ్మా, అది నేను కాదు. అదొక మిషన్. నా బొమ్మ. నీళ్లలో విషముంది. ల్యాబువాళ్లు చెప్పారు."

ఈదమ్మ టీవీ వైపు చూసింది, వకుళ వైపు చూసింది. చిన్నపిల్ల అల్లరికి నవ్వినట్టు నవ్వి, కుండలోంచి గ్లాసుతో నీళ్లు ముంచి తెచ్చింది. "ఎండల వడి వచ్చిన్రు. ముందుగాల తాగున్రి. అటెంక మాట్లాడుదం."

వకుళ గ్లాసు అందుకుంది. తేటగా ఉన్నాయి నీళ్లు. తాగితే తెర మీది అబద్ధానికి తనే సాక్ష్యం చెప్పినట్టు. తాగకపోతే... ఈదమ్మ కళ్లు ఆమె చేతి మీదే ఉన్నాయి. ఈ వాడ గడపలో ఇలా గ్లాసు పట్టుకుని ఆగిపోయిన చేతులు ఆ కళ్లు ఎన్ని చూశాయో! ఒక గుక్క తాగితే తనకేమీ కాదు. కానీ స్వరూప కూడా చూస్తోంది.

వకుళ గ్లాసు వంచి నీళ్లు నేల మీద పారబోసింది.

"తాగకండి. మీ కాళ్లు పట్టుకుంటాను, తాగకండి" అంది. ఆమెకు ఏడుపొచ్చింది.

ఈదమ్మ ముఖంలో నవ్వు ఆరిపోయింది. తడిసిన నేలకేసి చూసింది. కోపం కూడా లేదు ఆ గొంతులో.

"టీవీల అందరు జూస్తుండ్రని తాగినవు. నా ఇంట్ల ఎవరు జూస్తరని?" అంది. అప్పటిదాకా ఉన్న మన్నన ఆ మాటలో లేదు.

"అది కాదు ఈదమ్మా..."

"ఇప్పుడే తాగొచ్చిన అంటె అయిపోతుండె గద బిడ్డా. అందరు గదే అంటరు. పారబొయ్యాల్నా?"

ఈదమ్మ వకుళ చేతిలోని గ్లాసు తీసుకుని కుండ దగ్గరికి నడిచింది. నిండా ముంచుకుని, వకుళకు ఎదురుగా నిలబడి, తల ఎత్తి కడదాకా తాగింది. మళ్లీ ముంచి కోడలి చేతికిచ్చింది.

"మనకు లేదు పట్టింపు. తాగు" అంది.

టీవీలో వకుళ గ్లాసెత్తి ఒక గుక్క తాగింది. స్వరూప అటు చూసి, తనూ తాగింది.